మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ మార్పు: స్టాప్‌వాచ్ పెట్టి చేసిన ఎంపిక, ప్రాజెక్టు డైరీ

ఇందులో పాటలు రికార్డు చేసి, ఎడిట్ చేసి, మిక్స్ చేసే నాలుగు సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. ఇన్నాళ్లూ నేను వాడినది 'పాతది'. పోటీలో ఉన్న మూడింటికీ క, గ, చ అని పేర్లు పెట్టాను. క టైమ్‌లైన్ చుట్టూ కట్టినది. గ తెరవగానే క్లిప్పుల గళ్లు కనిపిస్తాయి, టైమ్‌లైన్ ఆ తర్వాతే. చలో మెనూల నుంచి బటన్ల దాకా అన్నీ మన ఇష్టప్రకారం మార్చుకోవచ్చు. అసలు పేర్లు కావాలనే రాయలేదు. కింది అంకెలు నా కంప్యూటర్‌వి, నా చేతివేగానివి. వాటిని చూసి కొనేయకండి, ఇవే పరీక్షలు మీ పాట మీద మీరు చేసుకోండి.

నా పని: ఒక గొంతు, అకౌస్టిక్ గిటార్, కాస్త పెర్కషన్, కీబోర్డు మీద వాయించే మిడి భాగాలు (మిడి అంటే ధ్వని కాదు, ఏ నోటు ఎప్పుడు నొక్కామన్న నమోదు). అన్నీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్.

దశ 1: నిమిషాలు ఎక్కడికి పోతున్నాయి

ఫీచర్ల పట్టికలు పక్కన పెట్టాను. ఈ రోజుల్లో ఏ పట్టిక చూసినా అన్ని గళ్లలోనూ టిక్కే ఉంటుంది. అందుకే పాతదాంట్లోనే ఒక పాట ఖాళీ ప్రాజెక్టు నుంచి స్టెమ్స్ (వాయిద్యాలవారీగా విడివిడి ఆడియో ఫైళ్లు) ఎగుమతి దాకా చేసి, మొత్తం స్క్రీన్ రికార్డు చేశాను. తర్వాత రెట్టింపు వేగంతో చూస్తూ ప్రతి నిమిషాన్నీ ఒక ఖాతాలో వేశాను.

- రికార్డింగ్: 62 నిమిషాలు
- టేకులు, అంటే ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ పాడిన రికార్డింగులు, కలిపి ఒకటి చేయడం (కాంపింగ్): 118
- టెంపో, టైమింగ్ సర్దడం: 54
- మిడి ఎడిటింగ్: 29
- ట్రాకులకు పేర్లు, రూటింగ్ (ఏ ధ్వని ఎటు వెళ్లాలో కలపడం), హెడ్‌ఫోన్ మిక్స్: 41
- సౌండ్ల కోసం వెతకడం: 57
- మిక్సింగ్: 48
- స్టెమ్స్ ఎగుమతి: 17

మొత్తం: 426 నిమిషాలు.

మిక్సింగ్‌కే ఎక్కువ సమయం పోతోందని అనుకునేవాడిని. ఆ ధీమాతో ఎంచుకుని ఉంటే మంచి కంప్రెసర్లు (ధ్వని హెచ్చుతగ్గులను అదుపు చేసే ఎఫెక్టులు) ఉన్నదాన్ని కొనేవాడిని, 118 నిమిషాలు మాత్రం అక్కడే ఉండిపోయేవి.

కొత్తది కొనకుండానే తగ్గేవి ఏమిటో ముందు చూశాను. పేర్లు, రూటింగ్, రెండు హెడ్‌ఫోన్ సెండ్‌లు ముందే పెట్టిన టెంప్లేట్ ఒకటి చేస్తే 41 కాస్తా 9 అయింది. ఈ సౌకర్యం అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది కాబట్టి పోటీ లెక్కలోంచి దీన్ని తీసేశాను. సౌండ్లు వెతికే 57 నిమిషాలు సాఫ్ట్‌వేర్ జబ్బు కాదు, దాన్నీ తీసేశాను.

ఇప్పటి మొత్తం: 426 − 32 = 394 (సాఫ్ట్‌వేర్ ఇంకా పాతదే).

దశ 2: వడపోత

ట్రయల్స్ దించుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకున్నాను. ఒక్కదానికి 'కాదు' వచ్చినా ఆ సాఫ్ట్‌వేర్ పోటీలో లేనట్టే.

1. నా ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడుస్తుందా? లాజిక్ అనే సాఫ్ట్‌వేర్ యాపిల్ మ్యాక్, ఐప్యాడ్‌లలో తప్ప నడవదు. లినక్స్ వాడేవారికి రీపర్, బిట్‌విగ్ లాంటివి కొన్నే ఉన్నాయి.
2. నా ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే విడి ఎఫెక్టులు, వాయిద్యాలు) దాంట్లో తెరుచుకుంటాయా? లాజిక్ ఆడియో యూనిట్స్ అనే ప్లగిన్ ఫార్మాట్‌నే తీసుకుంటుంది, ప్రో టూల్స్‌కు ఏఏఎక్స్ ఫార్మాట్ కావాలి. వీఎస్‌టీ2 అనే ఇంకో ఫార్మాట్ పాతబడిపోయింది. స్టైన్‌బర్గ్ 2018లోనే దానికి కొత్త లైసెన్సులు ఇవ్వడం ఆపేసింది.
3. ట్రయల్‌తో నిజమైన పని అవుతుందా? రీపర్ 60 రోజులు ఏ కోతా లేకుండా నడుస్తుంది. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌కు గడువు లేదు గానీ, సేవ్ చేసిన ప్రాజెక్టును కొనేదాకా మళ్లీ తెరవనివ్వదు. అలాంటిచోట పరీక్షలన్నీ ఒకే కూర్చోవడంలో ముగించాలి.
4. రేపు దీన్నుంచి బయటపడాలంటే దారి ఉందా?

నాలుగో ప్రశ్నను చాలామంది వేసుకోరు. 2017 నవంబరులో సోనార్ అనే సాఫ్ట్‌వేర్ తయారీని దాని యజమాని గిబ్సన్ ఉన్నట్టుండి ఆపేసింది. 2018లో బ్యాండ్‌ల్యాబ్ అనే కంపెనీ కొనుక్కుని దానికి మళ్లీ ప్రాణం పోసింది కాబట్టి సరిపోయింది. అన్నిటికీ అలాంటి రక్షకుడు దొరకడు. 2023లో బిట్‌విగ్, ప్రీసోనస్ కలిసి డాప్రాజెక్ట్ అనే ఓపెన్ ఫార్మాట్ తెచ్చాయి. ట్రాకులు, క్లిప్పులు, ఆటోమేషన్, ప్లగిన్ సెట్టింగ్స్ ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి వెళ్లేలా చేశాయి. అది ఉంటే మంచిదే. లేకపోతే కనీసం అన్ని ట్రాకులనూ ఒక్కసారిగా వేవ్ ఫైళ్లుగా తీయగలగాలి.

దశ 3: లేటెన్సీ (ధ్వని కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి వచ్చేలోపు ఆలస్యం)

కంప్యూటర్ ధ్వనిని శాంపిళ్లుగా (48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 48 వేలు) కొలిచి, బఫర్ అనే చిన్న మూటలుగా తీసుకుంటుంది. 128 శాంపిళ్ల బఫర్ అంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 2.67 మిల్లీసెకన్లు. లోపలికి ఒక బఫర్, బయటికి ఒకటి, కలిపి 5.33. దానిపై కన్వర్టర్ల (ధ్వనిని అంకెలుగా, అంకెలను ధ్వనిగా మార్చేవి) ఆలస్యం, డ్రైవర్ దాచుకునే రిజర్వు. మొత్తం ఎంతో కేబుల్ పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది.

1. ఇంటర్‌ఫేస్ (మైకును, స్పీకర్లను కంప్యూటర్‌కు కలిపే పెట్టె)లో ఫ్యాంటమ్ పవర్ (మైకుకు పంపే కరెంటు) ఆపండి. సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ (లోపలికి వచ్చే ధ్వనిని వెంటనే బయటికి వినిపించడం) ఆపండి. ఇది మరిచిపోతే కేబుల్ తగిలించగానే కూత పెడుతుంది.
2. లైన్ అవుట్‌పుట్ నుంచి లైన్ ఇన్‌పుట్‌కు కేబుల్ కలపండి.
3. ఒక ట్రాక్‌లో ఒకే శాంపిల్ పొడవున్న క్లిక్ పెట్టి, దాన్ని రెండో ట్రాక్‌లోకి రికార్డు చేయండి.
4. రెండు క్లిక్కుల మధ్య దూరాన్ని శాంపిళ్లలో చూడండి.

పోనురాను మొత్తం 431 శాంపిళ్లు, అంటే 8.98 మిల్లీసెకన్లు. ధ్వని గాలిలో మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది కాబట్టి, స్పీకర్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడి పాడుతున్నట్టు. డ్రైవర్ మాత్రం 394 అని చెప్పింది. సాఫ్ట్‌వేర్లన్నీ ఆ మాటే నమ్మి సరిచేస్తాయి, అందుకే ప్రతి టేకూ 37 శాంపిళ్లు (0.77 మిల్లీసెకన్లు) ఆలస్యంగా పడింది. పాతది, క, చ మూడింటిలోనూ సరిగ్గా ఇదే అంకె. ఇది సాఫ్ట్‌వేర్ గుణం కాదు, డ్రైవర్‌ది. సెట్టింగ్స్‌లో రికార్డింగ్ ఆఫ్‌సెట్ గడిలో 37 వేస్తే సున్నాకు వచ్చింది.

గ దగ్గర తేడా వచ్చింది. కేబుల్ పరీక్షలో అదీ 37 చూపించింది. కానీ మానిటరింగ్ ఆన్ చేసి పాడితే టేక్ ఇంకా చాలా వెనక్కి పడింది. డిజైన్‌లోనే అలా ఉంది: సాఫ్ట్‌వేర్ గుండా తన గొంతు వింటూ పాడేవాడు ఆ ఆలస్యానికి తగ్గట్టు ముందుగానే పాడతాడని దాని నమ్మకం, కాబట్టి విన్నచోటే టేక్‌ను ఉంచుతుంది. సింథ్ వాయించేవారికి ఆ తర్కం పనికొస్తుంది. ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా గొంతు వినే నాకు పనికిరాదు. మానిటర్ ఆఫ్ చేస్తే సరిపోయింది, టెంప్లేట్‌లో అలాగే పెట్టాను.

ఫలితం: ఎవరికీ మార్కుల్లేవు. అందరూ సమానమే.

దశ 4: 'ఇది బాగా మోగుతుంది' అన్నదాని తనిఖీ

ఒకే పది వేవ్ ఫైళ్లు నాలుగింటిలోనూ వేసి, ఫేడర్లన్నీ 0 దగ్గర పెట్టి, ఏ ఎఫెక్టూ లేకుండా ఎగుమతి చేశాను. ఒకదాని పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండోదానితో కలిపితే, రెండూ ఒకటే అయినప్పుడు నిశ్శబ్దం మిగలాలి.

మిగల్లేదు. గొంతు, గిటార్ స్పష్టంగా వినిపించాయి. స్టీరియో ఫైళ్లు మాత్రం పూర్తిగా మాయమయ్యాయి. దాంతో తీగ దొరికింది: పాన్ లా. మోనో ట్రాక్‌ను మధ్యలో ఉంచినప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు 3 డెసిబెల్స్ తగ్గిస్తాయి, కొన్ని 4.5 లేదా 6 తగ్గిస్తాయి, కొన్ని అసలు తగ్గించవు. అన్నిటినీ 3 దగ్గరికి తెచ్చి, మార్చే వీలు లేనిచోట మోనో ఫేడర్లతో సరిచేసి, 32 బిట్ ఫ్లోట్‌లో మళ్లీ తీశాను. మిగిలింది −140 డెసిబెల్స్‌కు కిందే, అంటే గరిష్ఠ స్థాయి కన్నా 140 డెసిబెల్స్‌కు పైగా తక్కువ. చెవికి అందే సంగతి కాదు.

3 డెసిబెల్స్ పెద్దగా మోగేది ఎవరికైనా 'వెచ్చగా', 'నిండుగా' వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ల ధ్వని గురించి జరిగే వాదనల్లో సగం ఈ ఒక్క సెట్టింగ్‌తో తీరిపోతాయని నా అనుమానం. ధ్వని నాణ్యత అనే గడిని పట్టికలోంచి కొట్టేశాను.

(ఈ పరీక్షలో కోరస్, రివర్బ్ పెట్టకండి. వాటిలో చాలావాటి కదలిక ప్రతిసారీ వేరుగా ఉంటుంది, ఒకే సాఫ్ట్‌వేర్ రెండు ఎగుమతులు కూడా కలవవు.)

దశ 5: ప్రాసెసర్ బరువు

ఒకే కంప్రెసర్ ప్లగిన్ కాపీల సంఖ్యను చిటపట మొదలయ్యేదాకా పెంచుకుంటూ పోయాను. బఫర్ 128.

- ప్లేబ్యాక్ ట్రాకుల మీద పరిచినప్పుడు: పాతది 40, క 52, గ 44, చ 61
- రికార్డుకు సిద్ధంగా ఉన్న ఒకే ట్రాక్‌లో వరుసగా పెట్టినప్పుడు: 9, 9, 8, 9

మొదటి వరుస చూసి చ కొనేయాలనిపించింది. అది ముందు రాబోయే ఆడియోను ముందుగానే ప్రాసెస్ చేసి పెట్టుకుంటుంది, అందుకే అన్ని నిలిచాయి. కానీ ఇప్పుడే పాడుతున్న గొంతును ముందుగా ప్రాసెస్ చేయడం ఎవరి వల్లా కాదు. పైగా వరుసగా ఉన్న ప్లగిన్ల గొలుసు మొత్తం ప్రాసెసర్‌లోని ఒకే కోర్ మీద పడుతుంది. నా పాటల్లో 30 దాటి ప్లగిన్లు ఉండవు కాబట్టి ఈ గడి కూడా పోయింది.

దశ 6: స్టాప్‌వాచ్ పరీక్షలు

తొలి కాంపింగ్ అంకెలన్నీ పారేయాల్సి వచ్చింది. ఒకే చరణాన్ని వరుసగా నాలుగు సాఫ్ట్‌వేర్లలో కోస్తే, చివరిదానికి వచ్చేసరికి ఏ ముక్క ఏ టేక్‌లో బాగుందో కంఠతా వచ్చేస్తుంది. చివరిదే గెలుస్తుంది. విధానం ఇలా మార్చాను:

1. ఏ పంక్తి ఏ టేక్ నుంచో ముందే కాగితం మీద రాసిపెట్టుకోవాలి. కొలిచేది చేతిపనిని, చెవి తీర్పును కాదు.
2. వేరే పాట మీద బాగా అలవాటయ్యాకే స్టాప్‌వాచ్ పెట్టాలి. తెలియని మెనూ వెతికే సమయం ఆ సాఫ్ట్‌వేర్ ఖాతాలో పడకూడదు.
3. పాతదాన్ని కూడా ఇదే నియమాలతో కొలవాలి.

*కాంపింగ్: 16 బార్ల చరణం, 8 టేకులు*
పాతది 14:30, క 8:10, గ 13:20, చ 9:00.

తేడా అంతా క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతూ, తర్వాతిది పెరుగుతూ కలిసే చోటు) దగ్గరే వచ్చింది. గొంతు టేకులు కోసి అతికేటప్పుడు 'స', 'ష' లాంటి ఊష్మాక్షరాల పక్కన 10 మిల్లీసెకన్లు చాలు, ఊపిరి తీసుకునే చోట 40 దాకా కావాలి. పాతదాంట్లో ప్రతి కోతకూ చేత్తో లాగాలి. కలో టేక్ మీద మౌస్‌తో గీస్తే ఆ ముక్క పైకి వస్తుంది, ముందే పెట్టిన పొడవుతో క్రాస్‌ఫేడ్ దానంతటదే పడుతుంది, ఊపిరి దగ్గర మాత్రం కొంచెం సాగదీస్తే చాలు. దీని లోపం ఒకటుంది: కాంపింగ్ అయ్యాక టైమింగ్ సర్దితే కోత గీత మిగతా టేకుల్లోనూ జరుగుతుంది. అందుకే టైమింగ్‌కు ముందు కాంప్‌ను ఒకే ఆడియోగా కొత్త ట్రాక్‌లోకి తీసుకుని, అసలు టేకులను దాచిపెడుతున్నాను.

చ మొదట 12:30 తీసుకుంది. కోయడం, క్రాస్‌ఫేడ్, తర్వాతి టేక్‌కు వెళ్లడం ఈ మూడింటినీ ఒకే కీకి కట్టాక 9:00కు దిగింది. దాని అసలు బలం అదే. కానీ ఆ కీ తయారు చేసుకోవడానికి పట్టిన సాయంత్రాన్ని ఏ స్టాప్‌వాచ్ లెక్కలోనూ వేయలేదు, వేస్తే బొమ్మ మారుతుంది. గలో టేకుల వరుసలున్నాయి గానీ క్రాస్‌ఫేడ్ సవరణ చేతిపనే.

*క్లిక్ లేకుండా వాయించిన గిటార్‌కు టెంపో పటం (ఏ బార్ దగ్గర ఎంత వేగమో చూపేది)*
పాతది 11:00, క 7:30, గ 6:10, చ 12:40.
నడుస్తున్న మొత్తం: పాతది 25:30, క 15:40, గ 19:30, చ 21:40.

*7/8 తాళంలో మిడి భాగం*
పాతది 6:40, క 7:20, గ 4:50, చ 8:30.
మొత్తం: 32:10, 23:00, 24:20, 30:10.

*పేర్లతో సహా స్టెమ్స్ ఎగుమతి*
పాతది 9:00, క 4:20, గ 6:30, చ 1:50.
మొత్తం: 41:10, 27:20, 30:50, 32:00.

ఈ మొత్తాన్ని చూసి నిర్ణయించడం తప్పు. పాటకు ఒకసారి చేసే ఎగుమతికీ, రెండు గంటలు తినే కాంపింగ్‌కూ ఇందులో ఒకే బరువుంది. అందుకే ప్రతి పనిలో పాతదానితో పోల్చిన నిష్పత్తిని తీసుకుని, దశ 1లోని నిమిషాలతో గుణించాను. ఒక పాటకు ఆదా ఇలా తేలింది:

- క: కాంపింగ్ 52, టెంపో 17, మిడి −3, ఎగుమతి 9. మొత్తం 75 నిమిషాలు
- గ: 9, 24, 8, 5. మొత్తం 46
- చ: 45, −8, −8, 14. మొత్తం 43

కలోనే స్థిరపడ్డాను. మిడితో పాట కట్టేవారైతే ఇదే లెక్కలో గ సులువుగా ముందుకొస్తుంది. నెలకు పదులకొద్దీ స్టెమ్స్ పంపాల్సినవారికి చను మించింది లేదు.

అంచనా: 394 − 75 = 319 నిమిషాలు.

దశ 7: పాత ప్రాజెక్టుల తరలింపు

అన్నిటినీ తరలించలేదు. పూర్తయిన పాటలు పాతదాంట్లోనే ఉంటాయి, అది ఇన్‌స్టాల్ అయ్యే ఉంటుంది. సగంలో ఉన్నవాటికే ఇది.

1. ప్రతి ట్రాక్‌నూ బార్ 1 నుంచే ఎగుమతి చేయాలి, మధ్య నుంచి కాదు.
2. రెండు సెట్లు: ఎఫెక్టులు లేని మోనో, ఎఫెక్టులతో కూడిన స్టీరియో.
3. రివర్బ్ తోక తెగకుండా చివర రెండు బార్లు ఎక్కువ ఇవ్వాలి.
4. టెంపో పటాన్ని మిడి ఫైలుగా తీయాలి.
5. ప్రతి ముఖ్యమైన ప్లగిన్ సెట్టింగ్‌నూ ఆ ప్లగిన్ సొంత ప్రీసెట్‌గా సేవ్ చేయాలి.

పరిమాణం: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో నిమిషానికి 8.64 ఎంబీ. నాలుగున్నర నిమిషాల పాట, 22 ట్రాకులు: మోనో సెట్ 855 ఎంబీ, స్టీరియో సెట్ దానికి రెట్టింపు. పాటకు సుమారు 2.57 జీబీ.

చెడినవి రెండు. మిడి ఫైలును ట్రాక్ మీదికి లాగి వదిలితే నోట్లు వచ్చాయి, టెంపో రాలేదు. పాట నిమిషానికి 120 బీట్ల దగ్గర కూర్చుంది. మెనూలోంచి ఇంపోర్ట్ చేసి, టెంపో కూడా కావాలని టిక్ పెడితే వచ్చింది. అప్పుడు కూడా 92 నుంచి 96కు నెమ్మదిగా పెరగాల్సిన చోట మెట్లుమెట్లుగా వచ్చింది. ఆ మెట్లను అలాగే ఉంచాను, నునుపు చేస్తే పాత ఆడియోతో బార్ గీతలు కలవవు.

రెండోది ప్లగిన్. ఒక ఈక్వలైజర్ పాతదాంట్లో వీఎస్‌టీ2గా ఉంది, కలో వీఎస్‌టీ3గా తెరుచుకుంది, కానీ అన్ని నాబ్‌లూ సున్నా దగ్గర. ఐదో అంకె అందుకే ఈ జాబితాలో ఉంది.

దశ 8: కీలు, అసలు పాటలు

పాతదాని కీబోర్డ్ షార్ట్‌కట్లను కలోకి దించుకునే సదుపాయం ఉంది. వాడి చూసి వెనక్కి తీశాను. పాత కీలు సగమే సరిగ్గా కుదిరాయి, కోత కీ నొక్కితే క్లిప్ మ్యూట్ అయ్యేది. పైగా నేర్చుకోవడానికి చూసే ఏ వీడియోలోనైనా క సొంత కీలే ఉంటాయి. దాని కీలనే ఉంచి, రోజూ వాడే కొన్నింటిని మాత్రం మార్చాను.

కలో తొలి పాట 372 నిమిషాలు తీసుకుంది. తర్వాతిది ఇలా:

రికార్డింగ్ 60, కాంపింగ్ 70, టెంపో 39, మిడి 36, పేర్లు-రూటింగ్ 8, సౌండ్లు 49, మిక్సింగ్ 63, ఎగుమతి 9.

మొత్తం: 334. అంచనాకు 15 ఎక్కువ.

ఆ 15 దాదాపుగా మిక్సింగ్‌వే (48 ఉండాల్సింది 63). పాత సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన ఈక్వలైజర్, కంప్రెసర్ల మీద చెయ్యి స్థిరపడి ఉంది. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చేవి సాఫ్ట్‌వేర్‌తో పాటే పోతాయి. స్టాప్‌వాచ్ పరీక్షల్లో మిక్సింగ్ లేదు కాబట్టి ఇది ముందు బయటపడలేదు. మీరు చేసేటప్పుడు ఒక గొంతు ట్రాక్ మిక్సింగ్‌ను కూడా పరీక్షల్లో చేర్చండి. నా టెంప్లేట్‌లోంచి కతో వచ్చిన ఎఫెక్టులన్నీ తీసేసి, ఎక్కడైనా తెరుచుకునే విడి ప్లగిన్లనే పెట్టాను.

ఇంకా తేలనిది మిడి. 7/8ను 2+2+3గా విడదీసి చూపించే గీతలు క గ్రిడ్‌లో లేవు. బార్‌ను 2/8, 2/8, 3/8గా ముక్కలు చేసి చూశాను. గీతలు బాగానే వచ్చాయి, బార్ నంబర్లు మూడు రెట్లయ్యాయి, పాటలో ఎక్కడున్నామో తెలియకుండా పోయింది. తీసేశాను. ఇప్పుడు పైన ఒక ఖాళీ మిడి ట్రాక్‌లో ఆ విభజన ప్రకారం రంగు క్లిప్పులు పరిచి, వాటిని చూస్తూ ఎడిట్ చేస్తున్నాను. అదే పరీక్ష భాగంతో కొలిస్తే 7:20 కాస్తా 6:05కు దిగింది. గ చూపించిన 4:50కు ఇంకా 75 సెకన్ల దూరం.